డెసావ్‌లో బౌహౌస్‌ను ఎలా చూడాలి: బడి ముందు, మ్యూజియం తర్వాత

జర్మనీలోని డెసావ్ వెళ్లి, అక్కడి బౌహౌస్ అనే పాత కళల బడిని చూసి వచ్చిన మిత్రులను ఎలా ఉందని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "కొన్ని కుర్చీలు, కొన్ని దీపాలు, తెల్లటి పెట్టెల్లాంటి ఇళ్లు. అంతే." ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చూసిందీ అంతే. రైలు దిగి తిన్నగా మ్యూజియానికి వెళ్లాను. అద్దాల వెనక ఉన్న వస్తువులను దుకాణంలో సరుకు చూసినట్టు చూసి, కాళ్లు నొప్పులు పుట్టి సాయంత్రం రైలు ఎక్కేశాను. రెండోసారి వెళ్లినప్పుడు క్రమం తిరగేశాను. ముందు బడి, ఆ తర్వాత పంతుళ్ల ఇళ్లు, చివరికి మ్యూజియం. ఆ రోజు ఒక్క బట్ట ముక్క దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడిపోయాను.

బౌహౌస్ అంటే ముందు ఒక బడి అని గుర్తుపెట్టుకోండి. 1919 ఏప్రిల్‌లో వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి జర్మనీలోని వైమర్‌లో దీన్ని ప్రారంభించారు. చిత్రకళను, చేతిపనిని వేరు చేయకుండా ఒకే చోట నేర్పాలన్నది ఆయన సంకల్పం. కొత్త రాష్ట్ర ప్రభుత్వం నిధులకు కత్తెర వేయడంతో 1925లో బడి డెసావ్‌కు మారింది. 1932లో నాజీల బలంతో నడుస్తున్న నగర మండలి అక్కడా మూయించింది. బెర్లిన్‌లో ఒక పాత టెలిఫోన్ ఫ్యాక్టరీలో కొన్ని నెలలు నడిచి, 1933లో ఆగిపోయింది. పద్నాలుగేళ్లు, మూడు ఊళ్లు, ముగ్గురు డైరెక్టర్లు: గ్రోపియస్, హానెస్ మేయర్, మీస్ వాన్ డెర్ రోహె. ఈ మూడు ఊళ్లలోనూ బౌహౌస్ సేకరణలు ఉన్నాయి. అయినా ఒక్క రోజే చేతిలో ఉంటే డెసావ్‌కే వెళ్లండి. బడి కోసం ఆ బడివాళ్లే కట్టుకున్న భవనం, అందులో తయారైన వస్తువులు, నేర్పినవారు నివసించిన ఇళ్లు, ఆ చదువుతో కట్టిన సామాన్యుల కాలనీ ఒకే ఊళ్లో దొరికేది అక్కడే.

ముందు రోజు రాత్రి: ఒక కాగితం తీసుకోండి

ఇది అనవసరమనిపించవచ్చు. దయచేసి వదిలేయకండి.

ఒక పాత వార్తాపత్రిక కాగితం తీసుకోండి. జిగురు వద్దు, దారం వద్దు, కావాలంటే కత్తెర వాడుకోండి. ఒక్క ముక్క కూడా వృథా కాకూడదు. దానితో ఏదైనా చేయండి. పది నిమిషాలు చాలు.

బౌహౌస్‌లో చేరిన ప్రతి విద్యార్థీ మొదట ప్రాథమిక కోర్సు పూర్తి చేయాలి. అందులో పాఠం చెప్పిన యోసెఫ్ ఆల్బర్స్ ఇచ్చిన అభ్యాసం ఇలాంటిదే. విద్యార్థుల చేతికి వార్తాపత్రికలు ఇచ్చి, మీరు అందుకున్నప్పటికంటే వీటిని మెరుగ్గా మార్చండి అని చెప్పి బయటికి వెళ్లిపోయారట. కొన్ని గంటల తర్వాత తిరిగి వచ్చేసరికి కోటలు, విమానాలు, జంతువులు, ముసుగులు తయారై ఉన్నాయి. ఇవన్నీ వేరే పదార్థంతో ఇంకా బాగా చేయవచ్చు కదా అని ఆయన వాటిని పక్కన పెట్టారు. ఒక విద్యార్థి మాత్రం కాగితాన్ని నిలువునా ఒక్క మడత పెట్టి, రెక్కలు విప్పినట్టు నిలబెట్టాడు. ఆల్బర్స్ మెచ్చుకున్నది దాన్ని. మెత్తగా వాలిపోయే కాగితం ఒక్క మడతతో గట్టిపడింది, తన సన్నటి అంచు మీద తానే నిలబడింది. కాగితం మాత్రమే చేయగల పని అది.

మీ కాగితంతో పడవ చేసినా, పూవు చేసినా పర్వాలేదు. పదార్థం ఏం చేయగలదో చేతితో అడిగి తెలుసుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి అనుభవంలోకి వస్తే చాలు. మరునాడు మీరు చూడబోయే ఉక్కు, గాజు, నూలు అన్నిటి వెనకా ఇదే ప్రశ్న ఉంది.

ప్రయాణానికి ముందు చూసుకోవలసినవి

బెర్లిన్ నుంచి, లైప్‌జిగ్ నుంచి డెసావ్‌కు నేరుగా ప్రాంతీయ రైళ్లు ఉన్నాయి. బెర్లిన్ నుంచి రెండు గంటలలోపు, లైప్‌జిగ్ నుంచి ఇంకా తక్కువ. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాస్) ఉంటే ఈ రైళ్లలో చెల్లుతుంది, వేరే టికెట్ కొనక్కర్లేదు. ఆన్‌హాల్ట్ విశ్వవిద్యాలయం క్యాంపస్ ఒకటి బౌహౌస్ భవనం పక్కనే ఉంది. అక్కడ చదివే తెలుగు విద్యార్థులెవరైనా మీకు తెలిసి ఉంటే ఒక పూట వారితో గడిపేలా చూసుకోండి.

భవనం, మాస్టార్ల ఇళ్లు, మ్యూజియం అన్నిటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది. విడివిడిగా కొనడం కంటే అది మేలు. వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, జర్మనీలో సోమవారం మూసి ఉండే మ్యూజియాలు చాలా ఉన్నాయి. కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు బౌహౌస్ డెసావ్ ఫౌండేషన్ వెబ్‌సైట్ చూడండి. ఇంగ్లిష్‌లో గైడుతో నడక ఏ రోజున ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. తాళం వేసి ఉండే కొన్ని గదులు గైడుతో వెళ్తేనే తెరుస్తారు. ఆదివారం వెళ్తే ఊళ్లో దుకాణాలు మూసి ఉంటాయి, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి.

బడి భవనంలోని విద్యార్థుల గదుల్లో రాత్రి బసకు వీలు కల్పిస్తున్నారు. వీలైతే ముందుగా అడిగి చూడండి. స్నానాల గది ఉమ్మడిగా ఉంటుంది, గదిలో హంగులేమీ ఉండవు. పొద్దున్నే సందర్శకులు రాకముందు ఆ మెట్ల మీద నడిచే అవకాశం దొరుకుతుంది. నా మటుకు నాకు అది ఏ హోటల్లోనూ దొరకదు.

స్టేషన్‌లో దిగాక పడమటి వైపుకే వెళ్లండి

స్టేషన్‌కు తూర్పున ఊరి నడిబొడ్డు, మ్యూజియం. పడమటన బడి. దిగినవారిలో చాలామంది ఊరివైపు నడుస్తారు. మీరు పడమటి దారి పట్టండి. పది నిమిషాల నడక.

భవనం కనబడగానే లోపలికి వెళ్లకండి. ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. దీనికి ఇదీ ముఖం అని చెప్పుకోదగిన వైపు ఏదీ లేదు. చుట్టూ తిరిగితేనే దీని ఆకారం, భాగాల మధ్య సంబంధం అర్థమవుతాయని గ్రోపియస్ స్వయంగా రాశారు. మన దగ్గర గుడికి రాజగోపురం ఎటు ఉందో చూసి అటు నడుస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనిచేయదు.

నడుస్తూ ఒక్కో భాగాన్ని ఇక్కడ ఏ పని జరిగేదో అనుకుంటూ చూడండి. నిలువెల్లా గాజు కప్పుకున్నది కార్యశాలల భాగం. వడ్రంగం, లోహం పని, నేత, అచ్చు పని అన్నీ ఇందులోనే. పనికి వెలుతురు కావాలి కాబట్టి గోడ మొత్తం గాజు. చిన్న చిన్న బాల్కనీలతో అయిదంతస్తులుగా లేచినది విద్యార్థుల నివాసం, అందులో 28 గదులు. ఒక్కొక్కరికి ఒక్కో గది, ఒక్కో తలుపు, కొన్ని గదులకైతే ఒక్కో బాల్కనీ. వీటిని కలుపుతూ కిందుగా ఉన్న భాగంలో సభామందిరం, రంగస్థలం, భోజనశాల. రోడ్డుకు అడ్డంగా వంతెనలా కట్టిన భాగంలో ఆఫీసులు. ఆ వంతెనకు అవతల నగర వృత్తివిద్యా పాఠశాల. భవనం లోపల ఏ పనో బయటి ఆకారమే చెప్పేస్తుంది. ఎవరి సాయమూ లేకుండా ఆ పనులను మీరు పోల్చుకోగలిగితే మొదటి పాఠం అయిపోయినట్టే.

గాజు గోడ మూల దగ్గర కాసేపు ఆగండి. సాధారణంగా మూలలో స్తంభం ఉంటుంది. ఇక్కడ ఉండదు. బరువు మోసే స్తంభాలు లోపలికి జరిగి ఉన్నాయి, గాజు వాటి ముందు తెరలా వేలాడుతుంది. నేలమాళిగను కొంచెం లోపలికి జరిపి కట్టడం వల్ల ఆ గాజు పెట్టె నేలను తాకీ తాకనట్టు తేలుతుంది. 1926 డిసెంబరు 4న ఈ భవనం తలుపులు తెరిచిన రోజున రాత్రి దీపాల వెలుగులో ఇది ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఆకర్షణకు మూల్యం కూడా ఉంది: వేసవిలో ఆ గాజు లోపల ఉక్కపోత, శీతాకాలంలో గడ్డకట్టే చలి. ఈ సంగతి తెలిసి చూస్తే భవనం మీద గౌరవం తగ్గదు. ప్రయోగం అంటే తప్పులూ కలిసే ఉంటాయి.

1945 మార్చిలో బాంబుదాడిలో ఊరు చాలావరకు నేలమట్టమైంది, ఈ భవనమూ దెబ్బతింది. గాజు గోడ పోయింది, ఆ ఖాళీలను చాలా ఏళ్లపాటు ఇటుకలతో పూడ్చి ఉంచారు. 1976లో గాజు గోడను తిరిగి కట్టారు. కాబట్టి మీరు చూస్తున్న గాజు తొలినాటిది కాదు. 1996లో వైమర్, డెసావ్‌లలోని బౌహౌస్ కట్టడాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లోపల: చేతులు పెట్టే చోట్లు చూడండి

ప్రధాన ద్వారం దాటి మెట్లు ఎక్కుతుండగా తల ఎత్తి చూడండి. పైకప్పు దూలాలకు, మధ్య జాగాలకు వేర్వేరు రంగులు కనిపిస్తాయి. బౌహౌస్‌లో గోడలకు రంగులు వేసే కార్యశాలను నడిపిన హిన్నెర్క్ షెపర్ వేసిన రంగుల ప్రణాళిక అది. బౌహౌస్ అంటే తెలుపు, నలుపు అని ఫొటోలు మనల్ని నమ్మించాయి. అప్పటి ఫొటోలకు రంగులు లేవు, అంతే.

ఇప్పుడు కిటికీల దగ్గరికి వెళ్లండి. గోడకు బిగించిన ఒక చిన్న చక్రం కనిపిస్తుంది. దాని నుంచి గొలుసు, కడ్డీలు పైకి వెళ్తాయి. చక్రం తిప్పితే ఒక వరుసలోని కిటికీ రెక్కలన్నీ ఒక్కసారిగా, ఒకే కోణంలో తెరుచుకుంటాయి. ముట్టుకోవద్దని బోర్డు ఉంటే ముట్టుకోకండి. కళ్లతోనే ఆ చక్రం నుంచి చివరి రెక్క వరకు కడ్డీ ఎలా వెళ్లిందో పట్టుకుని చూడండి. ఫ్యాక్టరీల్లో వాడే యంత్రాంగం అది. దాన్ని దాచలేదు, పైన చెక్క పెట్టె బిగించలేదు. ఈ భవనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. గైడు తిప్పి చూపిస్తే చప్పుడు వినండి.

సభామందిరంలో, ఈ బడిలోనే చదివి ఇక్కడే నేర్పిన మార్సెల్ బ్రాయర్ గొట్టపు ఉక్కు కుర్చీలు వరుసలుగా ఉంటాయి. సభామందిరానికి, భోజనశాలకు మధ్యలో రంగస్థలం ఉంది. రెండు వైపులా ఉన్న తెరలు, తలుపులు తొలగిస్తే మూడూ ఒకే పొడవాటి గది అయిపోతాయి. బౌహౌస్ వేడుకలకు పేరుపడిన చోటు ఇది. పాఠం, అన్నం, నాటకం ఒకే గీత మీద పెట్టిన బడి మరొకటి నేను చూడలేదు.

భవనంలోనే కాఫీ తాగే చోటు ఉంది. అక్కడ కూర్చోండి. ఇంకా సగం రోజు మిగిలి ఉంది.

మాస్టార్ల ఇళ్లు: లోపలి రంగుల కోసం

బౌహౌస్‌లో నేర్పేవారిని మాస్టర్ అనేవారు. మనం బడిపంతులును మాస్టారు అని పిలుచుకున్నట్టే. వారి కోసం గ్రోపియస్ పైన్ చెట్ల మధ్య కట్టిన ఇళ్లకు భవనం నుంచి పది నిమిషాలు నడిస్తే చేరతారు. డైరెక్టర్‌కు ఒక ఇల్లు, మిగతావారికి గోడ పంచుకునే మూడు జంట ఇళ్లు. చిత్రకారులు పాల్ క్లే, వాసిలీ కాండిన్‌స్కీ ఇరుగుపొరుగున, ఒకే గోడకు ఇటూ అటూ నివసించారు.

సమయం తక్కువగా ఉంటే ఆ జంట ఇంటినే చూడండి. బయటి నుంచి రెండు సగాలూ తెల్లగా, ఒకేలా ఉంటాయి. లోపలికి వెళ్లగానే ఎవరి ఇల్లు వారిది. కాండిన్‌స్కీ భోజనాల గదిలో ఒక గోడ నల్లగా ఉంటుంది, కూర్చునే గదిలో ఒక గూటికి బంగారు రేకు అద్దారు. పొరలు గోకి పరిశోధించినప్పుడు ఈ రెండు ఇళ్లలో కలిపి సుమారు 170 రంగుల ఛాయలు బయటపడ్డాయి. గదిలో ఒక మూల నిలబడి, పక్క గది తలుపు తెరిచి ఉంచి, రెండు గోడల రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎలా పడుతున్నాయో చూడండి. మేఘం వచ్చి వెళ్లేదాకా ఆగితే ఇంకా మంచిది.

డైరెక్టర్ ఇల్లు, దాని పక్కన మరో మాస్టారు మొహోలి-నాజ్ నివసించిన సగం యుద్ధంలో నాశనమయ్యాయి. 2014లో వాటి స్థానంలో కట్టినవి పాత ఇళ్ల నకళ్లు కావు. కొలతలు, ఆకారం పాతవే. కిటికీల స్థానంలో పాలరంగు అద్దాలు, లోపల గదుల జాడలు మాత్రమే. సగం మరిచిపోయిన మనిషి ముఖంలా ఉంటాయి. మొదట నాకు నచ్చలేదు. పోయినదాన్ని ఉన్నట్టు నటించకుండా, పోయిందని చెబుతూనే దాని జాగాను కాపాడటం ఇదని తర్వాత అర్థమైంది. ఇప్పుడు ఆ ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడతాను.

వీధి చివర తెల్లటి ప్రహరీ గోడకు అతుక్కుని చిన్న కిటికీలాంటి కొట్టు ఒకటి ఉంటుంది. బాటసారులకు పానీయాలు అమ్మడానికి మీస్ వాన్ డెర్ రోహె 1932లో రూపొందించినది. 1970లో కూల్చివేసి, ఇటీవల మళ్లీ కట్టారు. పెద్ద భవనాలతో ప్రపంచమంతా పేరు పొందిన వ్యక్తి డెసావ్‌లో కట్టించినది ఆ సోడా కొట్టు ఒక్కటే.

మ్యూజియం: మూడు వస్తువులు ఎంచుకోండి

ఇప్పుడు స్టేషన్ దాటి ఊళ్లోకి రండి. ఈ చోట్లన్నిటినీ కలిపే బస్సు ఉంది, నడిచినా అరగంట లోపు. పార్కు అంచున పొడవాటి గాజు భవనం కనబడుతుంది. బౌహౌస్ మ్యూజియం డెసావ్ ఇదే. బడి పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. బార్సిలోనాకు చెందిన యువ వాస్తుశిల్పుల బృందం దీన్ని రూపొందించింది. కింది అంతస్తు పూర్తిగా ఖాళీగా, పార్కులో భాగంలా ఉంటుంది. నేలకు అయిదు మీటర్ల ఎత్తున, గాజు పెట్టె లోపల 100 మీటర్ల పొడవైన నల్లటి కాంక్రీటు పెట్టె. సేకరణ ఉండేది అందులో. ఎందుకు నలుపు, ఎందుకు కిటికీలు లేవు అంటే నూలు, కాగితం, నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. ఒక బడి వెలుతురు కోసం గోడలన్నీ గాజు చేసుకుంది. ఆ బడిలో తయారైన వస్తువులను కాపాడాలంటే చీకటి కావాలి. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టాక కళ్లు అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగండి.

1976లో లైప్‌జిగ్ గ్యాలరీ ఒకదాని నుంచి కొన్న వస్తువులతో మొదలైన ఈ సేకరణలో ఇప్పుడు 49,000కు పైగా వస్తువులు నమోదై ఉన్నాయి. బెర్లిన్ బౌహౌస్ ఆర్కైవ్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది. ప్రదర్శనలో కనిపించేది అందులో చిన్న భాగమే, అయినా అన్నిటినీ చూడాలనుకోకండి. మొదట చకచకా ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. తర్వాత వెనక్కి వచ్చి మూడు వస్తువులు ఎంచుకోండి. ఒక్కోదాని దగ్గర ఇవి అడగండి: దేనితో చేశారు, నేర్చుకునేవారు చేశారా నేర్పేవారు చేశారా, ఎవరి ఇంటి కోసం, తర్వాత దానికేమైంది.

మొదటిది కుర్చీ కావచ్చు. బ్రాయర్ 1925లో ఉక్కు గొట్టం వంచి కుర్చీ చేశారు. ఆ ఆలోచన సైకిల్ హ్యాండిల్ నుంచి వచ్చిందని ఆయనే చెప్పారు. గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలు గాలిలో తిప్పుతూ వెంబడించండి. పాత చెక్క కుర్చీలో కాలు వేరు, చేయి వేరు, వీపు వేరు. ఇక్కడ గొట్టమే పైకి లేచి, వంగి, మళ్లీ దిగి అన్నీ అవుతుంది. కూర్చునే చోట దూది, స్ప్రింగులు లేవు, గట్టిగా లాగి కట్టిన బట్ట పట్టీ మాత్రమే. ఒంటికి ఉక్కు తగలకుండా బట్ట ఎలా పట్టుకుందో చూడండి. మన పెళ్లి పందిళ్లలో వేసే ఇనుప గొట్టాల కుర్చీలు ఎత్తి, మోసి, దొంతర పేర్చినవారికి గొట్టం ఎంత తేలికో, ఎంత బలమో వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది తప్పకుండా బట్టే కావాలి. సందర్శకులు తొందరగా దాటేసేది నేతనే. తెలుగువారిగా మనం అలా దాటకూడదు. పడుగు, పేక, అచ్చు, ఆసు అనే మాటలు ఇంట్లో వింటూ పెరిగినవారైతే మీకు ఇక్కడ గోడ మీది వివరణ అవసరమే ఉండదు. స్త్రీ పురుషులకు తేడా లేదని చెప్పి మొదలైన బడి, అమ్మాయిలు ఎక్కువమంది చేరగానే వారిని చాలావరకు నేత కార్యశాలకే పంపింది. ఆ అన్యాయం నుంచే బడిలోకెల్లా పదునైన పని పుట్టింది. గుంటా ష్టోల్‌జల్ అక్కడే నేర్చుకుని, ఆ కార్యశాలకే అధిపతి అయ్యారు. జకార్డు మగ్గం మీద ఆమె నేయించిన వస్త్రాల్లో రంగులు మెట్లు మెట్లుగా మారుతూ వెళ్తాయి.

వాళ్లు మగ్గం మీద ఏం కనిపెట్టారో తెలియడానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆ కార్యశాల విద్యార్థిని ఆన్నీ ఆల్బర్స్ 1930లో తన డిప్లొమా కోసం బెర్లిన్ దగ్గరి బెర్నావ్‌లోని కార్మిక సంఘ పాఠశాల సభామందిరానికి గోడ వస్త్రం నేశారు. ఆ గదిలో మాటలు ప్రతిధ్వనిస్తున్నాయి. ఆమె నేసిన బట్టకు వెనకవైపు మెత్తటి నూగు దారం చప్పుడును పీల్చుకుంటుంది, ముందువైపు సెల్లోఫేన్ దారం వెలుతురును వెనక్కి విసురుతుంది. రెండు పనులు, ఒకే నేత. మీరు చూస్తున్న ముక్క ఏదైనా సరే, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి ఏ దారం మెరుస్తోంది, ఏది మెరవడం లేదు, ఎందుకు అని వెతకండి. నేను ఇరవై నిమిషాలు ఆగిపోయానన్నది ఇలాంటి ముక్క దగ్గరే. దానిలో పడుగు దారం ఒకటి తెగితే ముడి వేసి నేతను కొనసాగించిన జాడ కనిపించింది. నూలు తెగితే వేలితో నులిమి ముడి వేసే ఆ పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మూడోదాన్ని మీరే ఎంచుకోండి. దీపం, టీకెటిల్, అక్షరాల అచ్చు, విద్యార్థి కాగితం అభ్యాసం, ఏదైనా. నేనైతే గోడ కాగితాల నమూనాల పుస్తకం వెతుకుతాను. 1929 నుంచి మార్కెట్లోకి వచ్చిన ఆ కాగితాల్లో పువ్వులూ తీగలూ లేవు, సన్నటి గీతలు, చుక్కలు మాత్రమే. చిన్న ఇంట్లో గది ఇరుకుగా అనిపించదు. డిజైన్ కలపడం కోసం కత్తిరించి పారేసే ముక్కలు ఉండవు. ధర తక్కువ. బౌహౌస్ వస్తువుల్లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది ఇదే. అప్పటి డైరెక్టర్ హానెస్ మేయర్ పట్టుదల కూడా అదే, విలాసం కోసం కాకుండా జనం అవసరం కోసం తయారుచేయాలని. కుర్చీలు ధనవంతుల ఇళ్లకు చేరాయి, గోడ కాగితం మాత్రం మామూలు ఇళ్లకు వెళ్లింది.

ఒక ఫొటోగానీ, పేరుగానీ కలకత్తా అనే మాటతో కనిపిస్తే ఆగండి. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ నిర్వహించిన ప్రదర్శనలో క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్, ఫైనింగర్ మొదలైన బౌహౌస్ కళాకారుల చిత్రాలు వేలాడాయి. శాంతినికేతన్‌లో బోధిస్తున్న స్టెల్లా క్రామ్‌రిష్ చొరవతో అది జరిగింది. బడి ఇంకా వైమర్‌లోనే ఉంది, డెసావ్ భవనానికి పునాది కూడా పడలేదు. అప్పటికే మన దేశంలో ఆ బొమ్మలు చూసినవారు ఉన్నారు.

రెండో రోజు ఉంటే: టోర్టెన్

ఊరికి దక్షిణాన టోర్టెన్ కాలనీకి ట్రామ్‌లో వెళ్లవచ్చు. 1926–28 మధ్య గ్రోపియస్ ఇక్కడ 314 చిన్న వరుస ఇళ్లు కట్టించారు. దిమ్మెలు, దూలాలు స్థలంలోనే పోతపోసి, ఫ్యాక్టరీలో వస్తువు తయారైనట్టు వరుసగా కట్టుకుంటూ పోయారు. ప్రతి ఇంటి వెనకా కూరగాయలు పండించుకోవడానికి పెరడు. ఇప్పుడు అక్కడ జనం నివసిస్తున్నారు, కిటికీల్లోకి తొంగి చూడకండి, ఫొటోలు తీసేముందు ఆలోచించండి. ఇంటివాళ్లు కిటికీలు మార్చుకున్నారు, తలుపులు మార్చుకున్నారు, రంగులు వేసుకున్నారు. మార్చని ఇల్లు ఒకటి పక్కన ఉంటే రెండింటినీ పోల్చి చూడండి. కిటికీ ఏ ఎత్తులో ఉంటే బాగుంటుందో అందులో నివసించేవారికి రూపకర్త కంటే ఎక్కువే తెలుసు. అదే కాలనీలో గేయోర్గ్ ముహె, రిచర్డ్ పౌలిక్ ఉక్కు రేకులతో కట్టిన ఇల్లు, కాస్త దూరంలో హానెస్ మేయర్ కాలంలో విద్యార్థులు కలిసి రూపొందించిన పొడవాటి వరండాల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఈ అపార్ట్‌మెంట్లు 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చాయి.

వైమర్‌కు వెళ్తే 2019లోనే ప్రారంభమైన అక్కడి బౌహౌస్ మ్యూజియంతోపాటు నాజీల కాలంనాటి బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి కూడా ఒక పూట కేటాయించండి. దాని ద్వారం మీది ఇనుప అక్షరాలను రూపొందించినది బౌహౌస్ పూర్వ విద్యార్థి ఫ్రాంజ్ ఎర్లిక్. అప్పుడాయన అందులో ఖైదీ. బెర్లిన్ ఆర్కైవ్ భవనంలో కొన్నేళ్లుగా మరమ్మతు, విస్తరణ పనులు సాగుతున్నాయి, తెరిచి ఉందో లేదో చూసుకుని బయలుదేరండి.

ఇంట్లో పిల్లలుంటే

జ్ఞాపికగా కప్పులు, టీషర్టులు కొనేకంటే ఒకటి చెబుతాను. ఆల్మా సీడ్‌హోఫ్-బుషెర్ 1923లో, విద్యార్థినిగా ఉన్నప్పుడే, 22 చెక్క ముక్కల ఆట ఒకటి రూపొందించారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు. కూర్చితే ఓడ అవుతుంది, కాదంటే వంతెన, కాదంటే తలుపు, పిల్ల ఏది అనుకుంటే అది. స్విట్జర్లాండ్‌లో నేఫ్ అనే బొమ్మల సంస్థ దాన్ని ఇప్పటికీ తయారుచేస్తోంది. ధర ఎక్కువే. కొనలేకపోతే ముక్కల కొలతలు చూసుకుని తెలిసిన వడ్రంగితో ఇంట్లో పిల్లల కోసం చేయించండి. ఆల్మా 1944లో బాంబుదాడిలో మరణించారు. మా ఇంట్లో ఆ ముక్కలతో మొన్న ఒక రేవు కట్టారు, నీలం ముక్కలన్నీ నీళ్లయ్యాయి.